పాత కంప్యూటర్‌తో సీఎన్‌సీ మెషీన్: ప్యారలల్ పోర్టా, మీసా కార్డా, ఆర్డుయినోనా?

సీఎన్‌సీ మెషీన్‌ను, అంటే కంప్యూటర్ ఆజ్ఞలతో కోసే, చెక్కే యంత్రాన్ని, నడిపే లైనక్స్‌సీఎన్‌సీ అనే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టనక్కరలేదు. పాత కంప్యూటర్ చాలామంది దగ్గర ఊరికే పడి ఉంటుంది. ఖర్చూ, చిక్కూ వచ్చేది ఆ కంప్యూటర్ నుంచి మోటారు డ్రైవర్ల దాకా సంకేతాలు ఏ దారిన వెళ్ళాలన్న దగ్గరే. దారులు మూడు. మొదటిది పాత కంప్యూటర్ వెనక ప్రింటర్ కోసం ఉండే ప్యారలల్ పోర్టు. రెండోది మీసా ఎలక్ట్రానిక్స్ తయారుచేసే ఎఫ్‌పీజీఏ కార్డు (ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ను పనికి తగ్గట్టు మలచుకోగల చిప్పు). మూడోది, లైనక్స్‌సీఎన్‌సీని వదిలేసి జీఆర్‌బీఎల్ అనే ఫర్మ్‌వేర్ ఎక్కించిన ఆర్డుయినో లాంటి చిన్న బోర్డుకు పని అప్పగించడం.

వీటిలో మీకు ఏది తగునో తేల్చేది కంప్యూటర్ వయసు కాదు, ప్రాసెసర్ వేగమూ కాదు. లేటెన్సీ పరీక్షలో, అంటే సమయానికి చేయవలసిన పనిని కంప్యూటర్ ఎంత ఆలస్యం చేస్తుందో కొలిచే పరీక్షలో, వచ్చే అంకె. ఆ అంకె చూడకుండా బోర్డులు, కార్డులు కొనవద్దని ముందే గట్టిగా చెబుతున్నాను. పరీక్షకు ఒక పెన్‌డ్రైవ్, కాస్త ఓపిక చాలు. అది తప్పించే వృథా ఖర్చు మాత్రం వేలల్లో ఉంటుంది.

వేగం కన్నా తాళం ముఖ్యం

డ్రైవర్‌కు ఒక పల్స్ అందితే స్టెప్పర్ మోటారు ఒక మెట్టు తిరుగుతుంది. సెకనుకు ఇరవై వేల పల్సులు సమానమైన ఎడంతో అందితే మోటారు నున్నగా, పూర్తి బలంతో తిరుగుతుంది. ఆ తాళం తప్పితే మోటారు గరగరమంటుంది, వేగం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది, చివరకు మెట్లు జారవిడుస్తుంది. మెట్టు జారిన సంగతి మెషీన్‌కు తెలియదు. జాబ్ పూర్తయ్యాక కొలత తప్పినప్పుడే మనకు తెలుస్తుంది.

ప్యారలల్ పోర్టు పద్ధతిలో ఆ పల్సులను కంప్యూటరే స్వయంగా తయారుచేయాలి. మామూలుగా 25 మైక్రోసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు 40,000 సార్లు, ప్రాసెసర్ తన చేతిలో ఉన్న పని ఆపి పోర్టు సంగతి చూడాలి. మామూలు ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి అంత క్రమశిక్షణ ఆశించలేం. అందుకే లైనక్స్‌సీఎన్‌సీని రియల్ టైమ్ కెర్నల్ మీద, అంటే పని సరిగ్గా సమయానికి జరిగేట్టు చూసే లైనక్స్ మూలభాగం మీద, నడుపుతారు. ఆ కెర్నళ్ళు ముఖ్యంగా రెండు రకాలు: ఆర్‌టీఏఐ, ప్రీఎంప్ట్-ఆర్‌టీ.

అయితే కెర్నల్ ఎంత మంచిదైనా, దానికి తెలియకుండా అడుగునుంచి బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే మూల ప్రోగ్రామ్) ప్రాసెసర్‌ను లాక్కుపోగలదు. వేడి ఎంతుందో చూడటానికో, కరెంటు ఆదా చేయడానికో, యూఎస్‌బీ కీబోర్డును పాతకాలపు కీబోర్డులా చూపించడానికో మదర్‌బోర్డు ఇచ్చే ఈ అంతరాయాన్ని ఎస్‌ఎంఐ అంటారు. అది సాగినంతసేపూ ఆపరేటింగ్ సిస్టమ్ చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. ఖరీదైన కొత్త ల్యాప్‌టాప్ ఈ పరీక్షలో తప్పి, దాని పక్కనున్న పదిహేనేళ్ళ నాటి డబ్బా నెగ్గడానికి కారణం ఇదే. ల్యాప్‌టాప్‌లో విద్యుత్తు పొదుపు ఏర్పాట్లు ఎక్కువ. ఇంటెల్ డీ510ఎంఓ, డీ525ఎండబ్ల్యూ అనే రెండు చిన్న ఆటమ్ బోర్డులు ప్రాసెసర్ బలంలో ఎందుకూ కొరగానివి. పల్సుల తాళం విషయంలో మాత్రం లైనక్స్‌సీఎన్‌సీ వాడేవారు ఏళ్ళ తరబడి వాటిని వెతికి మరీ కొనుక్కున్నారు.

పరీక్ష ఎలా చేయాలి, అంకె ఎలా చదవాలి

లైనక్స్‌సీఎన్‌సీ ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, హార్డ్ డిస్కును ముట్టుకోకుండా లైవ్ పద్ధతిలో కంప్యూటర్‌ను దానితో బూట్ చేయండి. కొన్ని పెంటియం 4 నాటి యంత్రాలు పెన్‌డ్రైవ్‌తో బూట్ కావు, వాటికి డీవీడీ రాసుకోవాలి. బూట్ అయ్యాక లేటెన్సీ-టెస్ట్ అనే ప్రోగ్రామ్ తెరవండి. రెండు వరుసలు కనబడతాయి. ఒకటి సర్వో థ్రెడ్, అది 1 మిల్లీసెకనుకు ఒకసారి నడుస్తుంది. రెండోది బేస్ థ్రెడ్, 25 మైక్రోసెకన్లకు ఒకసారి. బేస్ వరుసలో గరిష్ఠ జిట్టర్, అంటే తాళం ఎంత ఎక్కువగా తప్పిందన్న గడి చూడండి. అక్కడి అంకె నానోసెకన్లలో ఉంటుంది, వెయ్యితో భాగిస్తే మైక్రోసెకన్లు.

ఇక కంప్యూటర్‌ను బాగా ఇబ్బంది పెట్టాలి. తిరిగే పళ్ళ చక్రాలు చూపించే జీఎల్ఎక్స్‌గేర్స్ నాలుగైదు కిటికీల్లో తెరవండి. పెద్ద ఫైలు ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేయండి. కిటికీలను అటూ ఇటూ లాగండి, బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరవండి, బూట్ చేసిన పెన్‌డ్రైవ్ కాకుండా వేరే యూఎస్‌బీ డ్రైవ్ తీసి మళ్ళీ పెట్టండి. కనీసం పావుగంట ఇలా సాగాలి, గంట అయితే ఇంకా నమ్మకం. రెండు నిమిషాలు చూసి సంబరపడవద్దు. 9,000 దగ్గర కదలక మెదలక కూర్చున్న అంకె నాలుగో నిమిషంలో ఒక్క గెంతులో 2,40,000కు ఎగబాకవచ్చు. అరనిమిషానికో, రెండు మూడు నిమిషాలకో ఒకసారి అలా గెంతుతుంటే అనుమానం ఎస్‌ఎంఐ మీదే.

గరిష్ఠ జిట్టర్ 15,000 నుంచి 20,000 లోపు ఉంటే ప్యారలల్ పోర్టుకు ఆ కంప్యూటర్ చక్కగా పనికివస్తుంది. 30,000 నుంచి 50,000 మధ్య ఉంటే పని నడుస్తుంది కానీ వేగంలో కొంత వదులుకోవాలి. 1,00,000 దాటితే ప్యారలల్ పోర్టు ఆలోచన మానుకోండి, కంప్యూటర్‌ను మాత్రం పారేయకండి, మీసా కార్డు దారి ఇంకా తెరిచే ఉంటుంది. 10,00,000 దాటితే, అంటే ఒక మిల్లీసెకను మించితే, ఆ యంత్రం లైనక్స్‌సీఎన్‌సీకి ఏ దారిలోనూ పనికిరాదు.

అంకె నచ్చకపోతే బయోస్‌లోకి వెళ్ళి మరో ప్రయత్నం చేయవచ్చు. స్పీడ్‌స్టెప్, సీ-స్టేట్స్, హైపర్ థ్రెడింగ్, యూఎస్‌బీ లెగసీ, ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా ఆపి, ప్రతిసారీ పరీక్ష మళ్ళీ నడపండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు. ఒకటికి మించి కోర్లున్న ప్రాసెసర్ అయితే, ఐసోల్‌సీపీయూస్ అనే బూట్ పారామీటర్‌తో ఒక కోర్‌ను రియల్ టైమ్ పనికే కేటాయించవచ్చు. చాలా యంత్రాల్లో దీనితోనే అంకె చెప్పుకోదగ్గంత దిగుతుంది. మదర్‌బోర్డు మీది గ్రాఫిక్స్ ప్రధాన మెమరీనే పంచుకుంటుంది కాబట్టి అది కూడా దోషి కావచ్చు. అలాంటప్పుడు వాడేసిన చిన్న గ్రాఫిక్స్ కార్డు తెచ్చి పెట్టి చూడండి, కానీ ఎన్విడియా సొంత డ్రైవర్ మాత్రం ఎక్కించవద్దు. అది లేటెన్సీని పాడుచేస్తుంది.

అంకెను మెషీన్ వేగంగా మార్చి చూడండి

జిట్టర్ ఎంత ఉంటే మీ పనికి చాలు? దీనికి ఒక లెక్క వేసుకోవాలి. 5 మి.మీ. పిచ్ ఉన్న బాల్ స్క్రూ, చుట్టుకు 200 మెట్లున్న మోటారు, డ్రైవర్‌లో 16 మైక్రోస్టెప్పులు, అంటే ఒక్కో మెట్టుకు 16 ముక్కలు, అనుకుందాం. ఒక చుట్టుకు 3,200 పల్సులు, ఒక మిల్లీమీటరుకు 640. బేస్ పీరియడ్, అంటే బేస్ థ్రెడ్ నడిచే ఎడం, 25 మైక్రోసెకన్లయితే సెకనుకు గరిష్ఠంగా 40,000 పల్సులు, అంటే నిమిషానికి 3,750 మి.మీ. వేగం. జిట్టర్ ఎక్కువై బేస్ పీరియడ్‌ను 50కి పెంచవలసి వస్తే వేగం 1,875కు పడిపోతుంది. ఈ లెక్క ప్రతి పీరియడ్‌కూ ఒక పల్స్ పంపే ఏర్పాటు ఉన్నప్పటిది. లైనక్స్‌సీఎన్‌సీతో వచ్చే స్టెప్‌కాన్ఫ్ విజార్డ్ తయారుచేసే కాన్ఫిగరేషన్‌లో ఆ ఏర్పాటు ఉంటుంది. అది లేకుండా చేత్తో రాసుకుంటే ఈ వేగాల్లో సగమే వస్తుంది. మీ జిట్టర్ అంకెనూ, డ్రైవర్ పట్టికలోని సమయాలనూ స్టెప్‌కాన్ఫ్‌కు ఇస్తే బేస్ పీరియడ్ ఎంతో, గరిష్ఠ పల్సుల సంఖ్య ఎంతో అదే చూపిస్తుంది.

ఈ అంకెలను పనితో పోల్చుకోవాలి. చిన్న బెంచ్ మిల్లింగ్ మెషీన్‌లో అల్యూమినియం కోసేటప్పుడు కోత వేగం నిమిషానికి కొన్ని వందల మిల్లీమీటర్లే. అక్కడ 1,875 కూడా ధారాళం. టేకు తలుపు మీద ఎత్తుపల్లాల నగిషీ చెక్కే రౌటర్‌కు అదే వేగం చాలదు, ఒక్కో తలుపు గంటల తరబడి సాగుతుంది. ఒకే కంప్యూటర్ ఒకరికి సరిపోయి, పక్కవారికి చాలకపోవడం ఇందువల్లే. మైక్రోస్టెప్పులను 16 నుంచి 8కి తగ్గిస్తే పై వేగాలన్నీ రెట్టింపు అవుతాయన్నది కూడా గుర్తుంచుకోండి. 5 మి.మీ. స్క్రూ మీద 8 మైక్రోస్టెప్పులంటే మిల్లీమీటరుకు 320 పల్సులు. చెక్క పనికి అంతకు మించిన సూక్ష్మత అవసరం లేదు. కార్డు కొనేముందు డ్రైవర్ మీది చిన్న స్విచ్చులు మార్చి చూడండి.

ప్యారలల్ పోర్టు: చవక, కానీ షరతులున్నాయి

జిట్టర్ మంచిగా వచ్చి, మూడు అక్షాల మెషీన్ అయితే నా మొదటి ఓటు దీనికే. పోర్టు పిన్నులను తీగలు బిగించే టెర్మినళ్ళుగా విడదీసే కొన్ని వందల రూపాయల బ్రేకౌట్ బోర్డు, ఒక 25 పిన్నుల కేబుల్ తప్ప ఖర్చు లేదు. మొదటి కాన్ఫిగరేషన్‌కు స్టెప్‌కాన్ఫ్ చాలు, ఫైళ్ళు చేత్తో రాయనక్కరలేదు. లైనక్స్‌సీఎన్‌సీ లోపలి సంగతులు నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదు. పిన్నులు తక్కువ కాబట్టి ఏ సంకేతం ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతోందో సంకేతాలను తెర మీద గీసి చూపే హాల్‌స్కోప్‌లో కళ్ళారా చూడవచ్చు.

ఇందులో 12 అవుట్‌పుట్లు, 5 ఇన్‌పుట్లు ఉంటాయి. మూడు అక్షాలకు స్టెప్, డైరెక్షన్ కలిపి ఆరు అవుట్‌పుట్లు పోతే, మిగిలినవి స్పిండిల్‌కు (కోత పనిముట్టును తిప్పే ఇరుసుకు), కూలెంట్‌కు, డ్రైవర్ల ఎనేబుల్‌కు సరిపోతాయి. ఇన్‌పుట్ల దగ్గరే ఇరుకు. మూడు హోమ్ స్విచ్చులు, ఒక ఈ-స్టాప్ (అత్యవసరంగా ఆపే బటన్), ఒక ప్రోబ్ (తాకి కొలిచే సాధనం) పెట్టేసరికి ఐదూ అయిపోతాయి. చేతిచక్రం కావాలంటే రెండో పోర్టు కార్డు పెట్టుకోవాలి. అంతదాకా వస్తే మీసా వైపు చూడటమే మేలు.

యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే కేబుళ్ళు దుకాణాల్లో కనబడతాయి. అవి ప్రింటర్ల కోసం చేసినవి. వాటితో లైనక్స్‌సీఎన్‌సీ నడవదు, ఏ డ్రైవరూ ఆ లోటు తీర్చలేదు. మదర్‌బోర్డు మీద పోర్టు లేకపోతే పీసీఐ లేదా పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు పెట్టుకోవచ్చు. అప్పుడు పోర్టు చిరునామా మామూలు 378 హెక్స్ కాదు, ఎల్ఎస్‌పీసీఐ ఆజ్ఞతో కనుక్కోవాలి. కొన్ని కార్డులు 5 వోల్టులకు బదులు 3.3 వోల్టులే ఇస్తాయి, దానితో కొన్ని బ్రేకౌట్ బోర్డుల్లోని ఆప్టోకప్లర్లు సరిగా పనిచేయవు. మల్టీమీటరుతో ఒక అవుట్‌పుట్ పిన్ను కొలిస్తే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసిన సంగతి ఒకటుంది. కంప్యూటర్ బూట్ అయ్యేటప్పుడు ప్యారలల్ పోర్టు పిన్నులు ఇష్టం వచ్చినట్టు పైకీ కిందికీ మారుతుంటాయి. స్పిండిల్ రిలే నేరుగా ఒక పిన్నుకు కట్టి ఉంటే, ఎవరూ ఏమీ నొక్కకుండానే స్పిండిల్ తిరగవచ్చు. దీనికి మందు చార్జ్ పంప్ ఉన్న బ్రేకౌట్ బోర్డు. లైనక్స్‌సీఎన్‌సీ బతికి ఉన్నంతసేపు ఒక పిన్ను మీద ఆగకుండా చదరపు తరంగం పంపుతుంది. ఆ తరంగం ఆగితే బోర్డు అవుట్‌పుట్లన్నీ ఆపేస్తుంది. కొద్దిగా ఎక్కువ ఖరీదైనా ఇలాంటి బోర్డే కొనండి. ఇక ఈ-స్టాప్ బటన్ ఏ దారి ఎంచుకున్నా సరే సాఫ్ట్‌వేర్‌కు ఒక సంకేతం పంపి ఊరుకోకూడదు. కాంటాక్టర్ ద్వారా డ్రైవర్లకూ స్పిండిల్‌కూ వెళ్ళే కరెంటును తెంచాలి.

మీసా కార్డు: డబ్బు పెట్టదలిస్తే ఇక్కడ పెట్టండి

జిట్టర్ చెడ్డగా వచ్చినవారు సాధారణంగా ఇంకో కంప్యూటర్ కొనడానికి పరుగెడతారు. ఆ డబ్బు ఈ కార్డు మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. మీసా కార్డులో పల్సులు తయారుచేసేది దాని మీది ఎఫ్‌పీజీఏ చిప్పు. కంప్యూటర్ మిల్లీసెకనుకు ఒకసారి "ఇంత వేగంతో వెళ్ళు" అని చెప్పి, "ఎక్కడిదాకా వచ్చావు" అని అడిగితే చాలు. మిల్లీసెకనులో 80 మైక్రోసెకన్లు అటూ ఇటూ అయినా మోటారుకు అందే పల్సుల తాళం చెదరదు. పల్సుల వేగానికి కూడా దాదాపు హద్దు ఉండదు, మన స్టెప్పర్లు, సర్వోలు అడిగేదానికి ఎన్నో రెట్లు ఇవ్వగలదు.

పాత కంప్యూటర్‌లో పీసీఐ స్లాటు ఉంటే 5ఐ25, పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉంటే 6ఐ25 పెట్టుకోవచ్చు. ఈథర్‌నెట్‌తో పనిచేసేవి 7ఐ96ఎస్, 7ఐ76ఈ. కొత్తగా కొనేవారికి నేను ఈథర్‌నెట్ కార్డే చెబుతాను. రేపు కంప్యూటర్ చచ్చిపోయినా మరో కంప్యూటర్‌కు కేబుల్ మార్చుకుంటే సరిపోతుంది, స్లాటు ఏ రకమన్న బెంగ ఉండదు. పైగా ఈథర్‌నెట్ పోర్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి స్పిండిల్ వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) పుట్టించే విద్యుత్ రొదను బాగా తట్టుకుంటుంది. ఈ ఈథర్‌నెట్ కార్డుల మీది ఇన్‌పుట్లు 24 వోల్టులను నేరుగా తీసుకుంటాయి. వర్క్‌షాపుల్లో దొరికే ప్రాక్సిమిటీ సెన్సర్లు మధ్యలో మరో బోర్డు లేకుండా కట్టేయవచ్చు. కంప్యూటర్ స్తంభించిపోతే కార్డులోని వాచ్‌డాగ్ కొన్ని మిల్లీసెకన్లలోనే అవుట్‌పుట్లను ఆపుతుంది. చార్జ్ పంప్ చేసే పని ఇందులో అంతర్భాగమే.

ఈథర్‌నెట్ కార్డుకు ప్రీఎంప్ట్-ఆర్‌టీ కెర్నల్ తప్పనిసరి. కంప్యూటర్ నుంచి కార్డుకు కేబుల్ నేరుగా ఉండాలి, మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ గానీ ఇంటర్నెట్ రౌటర్ గానీ వద్దు. ఇంటర్నెట్ కావాలంటే రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టుకోండి. ఇంటెల్ నెట్‌వర్క్ చిప్పు ఉంటే ఇంకో మెలిక ఉంది. ఆ చిప్పు వచ్చిన ప్యాకెట్లను వెంటనే అందించకుండా కాసేపు పోగేస్తుంది. దానితో గంటో, రెండు గంటలో బాగా నడిచిన మెషీన్ హఠాత్తుగా కార్డు నుంచి జవాబు చదవలేకపోయానని తెర మీద చూపించి ఆగిపోతుంది. ఈథ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో ఆ పోగుచేసే వ్యవధిని సున్నా చేసి, ప్రతి బూట్‌లోనూ అది అమలయ్యేట్టు పెట్టాలి. కార్డు పాడైందని అనుకునేముందు ఇది చూడండి.

దీనికి స్టెప్‌కాన్ఫ్ పనికిరాదు, పీఎన్‌సీకాన్ఫ్ అనే మరో విజార్డ్ ఉంది. మొదటిసారి అది కాస్త బెదరగొడుతుంది, కార్డు మాన్యువల్ పక్కన పెట్టుకుని నిదానంగా సాగితే ఒడ్డుకు చేరవచ్చు. ధర వంద డాలర్లు దాటుతుంది. విదేశం నుంచి వస్తే రవాణా, కస్టమ్స్ సుంకం అదనం. వ్యాపారం కోసం రోజంతా నడిచే మెషీన్‌కు ఇది పెద్ద మొత్తం కాదు. ఆదివారాలు మాత్రమే తీసే మెషీన్‌కు మాత్రం ఆలోచించుకోవలసిందే.

జీఆర్‌బీఎల్: కంప్యూటర్‌ను బాధ్యత నుంచి తప్పించడం

కంప్యూటర్ మీద ఏ మాత్రం నమ్మకం లేకపోతే, లేదా మీ దగ్గర ల్యాప్‌టాప్ మాత్రమే ఉంటే ఇది మంచి దారి. నార్వేకు చెందిన సిమెన్ స్వాలే స్కోగ్స్‌రుడ్ 2009లో మొదలుపెట్టిన ఈ ఫర్మ్‌వేర్ ఆర్డుయినో ఊనో బోర్డు మీద నడుస్తుంది. కేవలం 2 కిలోబైట్ల మెమరీలో అంత పని చేయించడం నిజంగా మెచ్చుకోదగ్గ నైపుణ్యం. కంప్యూటర్ చేయవలసిందల్లా జీ-కోడ్ (మెషీన్ కదలికల ఆజ్ఞల) పంక్తులను ఒకదాని తర్వాత ఒకటి యూఎస్‌బీ ద్వారా పంపడం. యూనివర్సల్ జీకోడ్ సెండర్ గానీ బీసీఎన్‌సీ గానీ ఎక్కించుకుంటే చాలు, రియల్ టైమ్ కెర్నల్‌తో పనిలేదు.

ఊనో మీద గరిష్ఠంగా సెకనుకు 30,000 పల్సులు. మన పై లెక్కలో మిల్లీమీటరుకు 640 పల్సుల మెషీన్ అయితే నిమిషానికి 2,812 మి.మీ. అంటే మంచి జిట్టర్ ఉన్న ప్యారలల్ పోర్టు కన్నా తక్కువ, నాసిరకం జిట్టర్ కన్నా ఎక్కువ. ఇంకా వేగం కావాలంటే ఇదే కుటుంబంలో టీన్సీ 4.1 మీద నడిచే జీఆర్‌బీఎల్‌హాల్, ఈఎస్‌పీ32 మీద నడిచే ఫ్లూయిడ్‌ఎన్‌సీ ఉన్నాయి. ఫ్లూయిడ్‌ఎన్‌సీలో ఎస్‌డీ కార్డు నుంచే జాబ్ నడుపుకోవచ్చు.

లోట్లు కూడా చూడాలి. ఊనోలోని జీఆర్‌బీఎల్‌కు డ్రిల్లింగ్ సైకిళ్ళు రావు, టూల్ పట్టిక ఉండదు, టూల్ వ్యాసానికి తగ్గట్టు దారి సరిచేసుకోవడం తెలియదు. లేత్ మీద మరలు కోయలేదు, ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) చూసి సర్వో మోటారును అదుపు చేయలేదు. నగిషీ పనిలో చిట్టిచిట్టి గీతల్లాంటి పంక్తులు వేలకు వేలు వచ్చినప్పుడు, ముందుచూపు తక్కువ కాబట్టి వేగం దిగిపోతుంది. వీఎఫ్‌డీ రొదకు యూఎస్‌బీ అనుసంధానం తెగిపోవడం దీనికున్న పాత జబ్బు. ఫెరైట్ ఉన్న పొట్టి కేబుల్, సరైన ఎర్తింగ్ లేకుండా పెద్ద స్పిండిల్ పక్కన దీన్ని పెట్టవద్దు.

చిన్న లేజర్, పీసీబీ చెక్కే మెషీన్, విద్యార్థుల ప్రాజెక్టు అయితే నిస్సంకోచంగా జీఆర్‌బీఎల్ తీసుకోండి.

ఏ వెర్షన్ ఎక్కించాలి

లైనక్స్‌సీఎన్‌సీ 1990లలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో ఈఎంసీ పేరుతో పుట్టిన సాఫ్ట్‌వేర్. అందువల్ల పాత కంప్యూటర్లకు పాత వెర్షన్లు కూడా ఇప్పటికీ దొరుకుతాయి. 64 బిట్ల ప్రాసెసర్ ఉంటే, అంటే కోర్ 2 డ్యూయో నుంచి ఇటువైపు దాదాపు ఏదైనా సరే, 2.9 తీసుకోండి. అది డెబియన్ 12, ప్రీఎంప్ట్-ఆర్‌టీ కెర్నల్‌తో వస్తుంది. మెమరీ 2 జీబీ అయినా పని నడుస్తుంది, 4 ఉంటే హాయి. ప్యారలల్ పోర్టు వాడదలచుకుని ఇందులో జిట్టర్ ఎక్కువగా కనబడితే, అదే యంత్రం మీద ఆర్‌టీఏఐ కెర్నల్ ఎక్కించి మళ్ళీ పరీక్షించండి. మామూలుగా ఆర్‌టీఏఐలో అంకె తక్కువ వస్తుంది.

32 బిట్ల పాత పెంటియం అయితే డెబియన్ 7, ఆర్‌టీఏఐతో వచ్చిన 2.7 ఐఎస్ఓ ఉంది. డెబియన్ 7కు భద్రతా సవరణలు 2018లోనే ఆగిపోయాయి కాబట్టి ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపవద్దు, ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌తో ఇవ్వండి. ప్యాకేజీ ఏదైనా కావలసి వస్తే మామూలు చిరునామాలో దొరకదు, డెబియన్ పాత భాండాగారం చిరునామా ఇవ్వాలి. 2.7 కన్నా వెనక్కి మాత్రం వెళ్ళకండి. చిన్న చిన్న పంక్తులను ముందుగా చదివి వేగం నిలబెట్టే కొత్త గమన ప్రణాళిక 2.7లోనే వచ్చింది. నగిషీ చెక్కేవారికి ఆ తేడా గంటల్లో కనబడుతుంది. 2.7 నాటి కాన్ఫిగరేషన్‌ను తర్వాత కొత్త వెర్షన్‌లో తెరిస్తే మార్పులు చాలావరకు అదే చేసుకుంటుంది, అయినా ముందు నకలు తీసి పెట్టుకోండి.

తెర రూపాల్లో పాత కంప్యూటర్‌కు యాక్సిస్ చాలు. టచ్ స్క్రీన్ ఉంటే జీమొకాపీ బాగుంటుంది.

వాడేసిన కంప్యూటర్ కొనవలసి వస్తే

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ లాంటి చోట్ల ఆఫీసులు వదిలించుకున్న డెస్క్‌టాప్‌లు దొరుకుతాయి. వెనకవైపు ముదురు గులాబీ రంగులో 25 రంధ్రాల పోర్టు ఉందేమో చూడండి. డెల్ ఆప్టిప్లెక్స్ 755, 780 వంటి వాటికి ఆ పోర్టు ఉంటుంది. ల్యాప్‌టాప్ జోలికి వెళ్ళవద్దు. పెన్‌డ్రైవ్ వెంట తీసుకుపోయి, దుకాణంలోనే బూట్ చేసి పావుగంట లేటెన్సీ పరీక్ష నడపనిమ్మని అడగండి. ఒకే మోడల్‌లో కూడా బయోస్ వెర్షన్‌ను బట్టి అంకె మారుతుంది కాబట్టి, ఎవరో చెప్పిన అంకెను నమ్మి కొనకుండా మీరు కొంటున్న పెట్టెనే పరీక్షించండి. పాత డిస్కు స్థానంలో చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టించుకుంటే దుమ్ము, అదురు ఉండే చోట నిశ్చింత. యూపీఎస్ కూడా ఉండాలి. కరెంటు పోయినప్పుడు మెషీన్ ఆగినా, ఎక్కడ ఆగిందో చెప్పడానికి కంప్యూటర్ బతికి ఉండాలి.

నా సలహా

మూడు అక్షాల చిన్న మిల్లు, జిట్టర్ 20,000 లోపు అయితే ప్యారలల్ పోర్టు. అదే మిల్లు, జిట్టర్ లక్ష దాటితే 7ఐ96ఎస్.

లేత్ అయితే లైనక్స్‌సీఎన్‌సీ తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి. స్పిండిల్‌కు ఎన్‌కోడర్ బిగిస్తే జీ76తో మరలు కోస్తుంది, జీ33.1తో ట్యాపింగ్ చేస్తుంది. నెమ్మదిగా తిరిగే స్పిండిల్ అయితే కొద్ది పళ్ళున్న ఎన్‌కోడర్‌ను ప్యారలల్ పోర్టు కూడా చదవగలదు, వేగం పెరిగితే మీసా కావాలి. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో కంట్రోలర్ పాడై నిలిచిపోయిన పాత సీఎన్‌సీ లేత్, మిల్లింగ్ మెషీన్లలో మోటార్లు, సర్వో డ్రైవ్‌లు బాగానే ఉంటే, ఆ డ్రైవ్‌లు ప్లస్ మైనస్ 10 వోల్టుల సంకేతం తీసుకునేవైతే, 5ఐ25కు జతగా 7ఐ77 కార్డు సరిగ్గా దానికోసమే ఉంది. ఆరు అక్షాల దాకా నడుపుతుంది. అంత గట్టి ఇనుమును తుక్కుకు అమ్మేయడం చూస్తే బాధగా ఉంటుంది. అమ్మేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

చెక్క రౌటర్ల సంగతి వేరు. తలుపులు చెక్కే దుకాణాల్లో చాలా రౌటర్లు విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్, ఎన్‌సీస్టూడియో అనే మెషీన్ నడిపే సాఫ్ట్‌వేర్, దాని పీసీఐ కార్డుతో వచ్చినవి. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్‌లో ముగిసింది. కంప్యూటర్ పోయి కార్డు మిగిలినా, ఆ కార్డుకు లైనక్స్‌సీఎన్‌సీలో డ్రైవర్ లేదు. కార్డు తీసేయవలసిందే. అయితే అవతలనున్న మోటారు డ్రైవర్లు సాధారణంగా స్టెప్, డైరెక్షన్ సంకేతాలే తీసుకుంటాయి, వాటిని అలాగే ఉంచుకోవచ్చు. రోజంతా నడిచే మెషీన్ కాబట్టి ఇక్కడ మీసా ఈథర్‌నెట్ కార్డు నా ఎంపిక. తీగలు విప్పేముందు ప్రతి కనెక్టర్‌నూ ఫోటో తీయండి, డ్రైవర్ల మీది మైక్రోస్టెప్ స్విచ్చులు ఎలా ఉన్నాయో రాసుకోండి, పాత సాఫ్ట్‌వేర్ ఇంకా తెరుచుకుంటుంటే అందులోని పల్స్ విలువ, గరిష్ఠ వేగం, త్వరణం అంకెలు కాగితం మీదకు ఎక్కించండి. ఎక్స్‌పీ ఉన్న పాత డిస్కును చెరపకండి. దాన్ని తీసి భద్రపరిచి, లైనక్స్‌సీఎన్‌సీని వేరే డిస్కు మీద ఎక్కించండి.